రోజుకు ఒక్కసారే చల్లారే ఇంజన్

ఈ ఉదయం నా చేతులకు పచ్చి పెట్రోలు వాసన అంటుకుంది. రెండుసార్లు సబ్బుతో కడిగాను, పోలేదు. ఆఫీస్‌లో కీబోర్డు ముందు కూర్చున్నా వేళ్ళు ఊరికే ముక్కు దగ్గరికి వెళ్తున్నాయి. పరాయి దేశంలో నేనుండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఈ ఏడాది మొదటి గట్టి చలి ఇవాళే. ఏడింటికి గరాజ్ తలుపు తెరిచి, నా పాత పికప్ ట్రక్కులో కూర్చుని సెల్ఫ్ కొట్టాను. మూడు చలికాలాలుగా ఒక్క తిప్పుకే లేస్తున్న బండి ఇవాళ దగ్గింది, అటూ ఇటూ ఊగింది, ఆగిపోయింది. నా చెయ్యి ఇంకా తాళం మీదే ఉంది. ఇంకోసారి తిప్పితే లేస్తుందని తెలుసు. తిప్పకుండా చెయ్యి వెనక్కి తీసుకోవడం నాకు ఒక మనిషి నేర్పారు. ఆయన పేరు వీరభద్రం గారు. ఏలూరులో బస్సు డిపోలో ముప్ఫై నాలుగేళ్ళు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. మూడేళ్ళ క్రితం మా పక్కింట్లో ఉండే వాళ్ళమ్మాయి మాధవి అక్క దగ్గరికి వచ్చి ఆరు నెలలున్నారు. అందులో అయిదు నెలలు నేను ఆయన్ని గమనించనే లేదు. మిగిలింది ఒక్క నెల. ఆ నెల గురించే రాస్తున్నాను.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మల్కాజిగిరిలో పుట్టి పెరిగినదాన్ని. లిఫ్ట్ ఆలస్యమైతే బటన్ పదిసార్లు నొక్కే రకం. కార్ల ఇంజన్లు నడిపే సాఫ్ట్‌వేర్‌కు టెస్టులు రాయడం నా ఉద్యోగం, కానీ నిజం ఇంజన్‌ను చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. మీటింగ్‌లో ఒకాయన ఆ మాటే నవ్వుతూ అన్నాడు. ఆ వారమే, ఫోన్‌లో ఒక ప్రకటన చూసి, నాకంటే ఇరవై మూడేళ్ళు పెద్దదైన ఆకుపచ్చ ట్రక్కు కొనేశాను. ఆ డొక్కు నీకెందుకే అని అమ్మ, పిచ్చా అని ఫ్రెండ్స్. వాళ్ళు అనేకొద్దీ నాకు పట్టుదల పెరిగింది. ఏ కాలేజీ, ఏ కోర్సు, ఏ ఊళ్ళో ఉద్యోగం, అన్నీ నలుగురూ కూర్చుని తేల్చినవే. ఎవర్నీ అడక్కుండా నేను తెచ్చుకున్నది ఆ బండి ఒక్కటే.

వేసవి అంతా బాగానే తిరిగింది. అక్టోబరులో చలి మొదలవగానే పొద్దున లేవడం మానేసింది. సెల్ఫ్ కొడితే గరగరమని తిరుగుతుంది, ఒకసారి అందుకుంటుంది, వణికి చస్తుంది. నాలుగో ప్రయత్నంలో నల్లటి పొగ కక్కుతూ లేస్తుంది. ఒకసారి లేచి వేడెక్కిందంటే సాయంత్రం వరకూ దానంత బుద్ధిమంతురాలు ఉండదు. రోజూ ఏడింటికి ఈ గోల విని మా కాలనీ అసోసియేషన్‌కు ఎవరో ఫిర్యాదు చేశారు. ఉత్తరం వచ్చింది. నవంబరు ఆఖరులోగా బండి పొగ లేకుండా, మామూలుగా స్టార్ట్ కావాలి, లేదా కాలనీలో ఉండకూడదు. ఆ నెల ఆఖరి సోమవారం పొద్దున అసోసియేషన్ నుంచి లిండా అనే ఆవిడ స్వయంగా వచ్చి చూస్తానంది. బండి పెట్టుకోవడానికి నాకు ఇంకో చోటు లేదు. అంటే అమ్మేయడమే.

నేను చేసింది అందరూ చేసేదే. వీడియో తీసి, పాత బండ్ల వాళ్ళుండే ఒక ఆన్‌లైన్ ఫోరమ్‌లో పెట్టాను. గంటలో ఇరవై మంది ఇరవై కారణాలు చెప్పారు. ప్లగ్గులు, కాయిల్, ఫిల్టరు, చోక్ మూత, పెట్రోల్ పంపు, అన్నీ తెప్పించి ఒక్క ఆదివారంలో మార్చేశాను. సోమవారం అది ముందుకన్నా ఘోరంగా దగ్గింది. నేను బానెట్ దభాలున మూసి టైరును తన్నాను. రెండు రోజులు కుంటుకుంటూ ఆఫీస్‌కి వెళ్ళాను.

అలా తన్నిన రోజే వీరభద్రం గారు మొదటిసారి నాతో మాట్లాడారు. అల్లుడి కోటు ఆయనకు మోకాళ్ళ దాకా వచ్చింది. తలకు మంకీ క్యాప్. రోజూ ఆ వేళకు వాకింగ్‌కు వెళ్తూ మా గరాజ్ దగ్గర కాసేపు ఆగుతారని నాకు తెలుసు, నేను ఫోన్‌లోంచి తల ఎత్తేదాన్ని కాదు. ఆ రోజు నాలుగో ప్రయత్నంలో బండి లేచింది. నేను దిగి వీడియో తీస్తున్నాను.

"ఇయ్యాళ్టికి అయిపోయిందమ్మాయ్," అన్నారు.

"ఏం అయిపోయింది అంకుల్? లేచింది కదా."

"అదే అంటున్నా. లేచాక ఇంకేం చూస్తావ్? జబ్బు లేవకముందు ఉంది. ఇప్పుడు దానికి ఒళ్ళు వేడెక్కింది. రేపొద్దున దాకా అన్నీ అబద్ధాలే చెప్తది."

ఏమేం మార్చానో వేళ్ళ మీద లెక్కపెట్టి కాస్త గొప్పగానే చెప్పాను. ఆయన చప్పుడు రాకుండా నవ్వారు.

"అన్నీ ఒకేసారి మారిస్తే, ఏది మంచి చేసిందో ఏది చెడు చేసిందో ఎవరు చెప్తారు?"

"ఫోరమ్‌లో చెప్పిన్రు అంకుల్."

"వాళ్ళు చూశారా దీన్ని?"

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. కానీ ఆయన అప్పటికే నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

మూడు రోజులు బింకంగా ఉండి, గురువారం నేనే పిలిచి అసోసియేషన్ ఉత్తరం సంగతి చెప్పాను. ఆయన ముందుగా అడిగింది లిండా ఎప్పుడొస్తుందని. తరవాత తన విమానం ఆ మర్నాడేనని చెప్పి, అక్క వాళ్ళ ఫ్రిజ్ మీది క్యాలెండర్ తీసుకొచ్చి బల్ల మీద పరిచారు. పద్దెనిమిది ఉదయాలున్నాయన్నారు. నాకు మొదట అర్థం కాలేదు. పద్దెనిమిది రోజులంటే పద్దెనిమిది రోజుల పని కదా అనుకున్నాను. కాదు. ఈ జబ్బు ఇంజన్ రాత్రంతా చల్లారాక, మొదటి తిప్పులోనే కనబడుతుంది. ఒకసారి తిప్పామంటే ఆ రోజుకు పరీక్ష అయిపోయినట్టే. రోజుకు ఒక్క ప్రశ్న అడగొచ్చు, ఒక్క జవాబు వస్తుంది. అందుకని రోజుకు ఒక్కటే మార్చాలి. ఒక సెకనులో జవాబు రాకపోతే పేజీని మళ్ళీ లోడ్ చేసే నాకు ఇది శిక్షలా అనిపించింది.

మొదటి ఉదయం అసలు స్టార్టే చేయనివ్వలేదు. పైన గాలి వడపోసే డబ్బా మూత విప్పించి, యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కి వదిలేయమన్నారు. లోపల రేకు ఒకటి చలికి మూసుకోవాలి, అదే చోక్. అది వెడల్పుగా తెరుచుకునే ఉంది. నేను వేరే ఇంజన్ వీడియో చూసి కొత్త మూత బిగించాను కదా, ఆ బిగింపే తప్పు. "కళ్ళు తెరుచుకుని పడుకుంది చూడు నీ బండి," అన్నారు. మూతను కొంచెం తిప్పి బిగించి, పానా గుడ్డలో చుట్టి, ఇక లోపలికి వెళ్ళమన్నారు. మర్నాడు అది మొదటి తిప్పుకే అందుకుంది. పెడల్ పదే పదే తొక్కి పెట్రోలు ముంచేయడం నేను మానేశాను కాబట్టి పొగ కూడా తగ్గింది. కానీ వణుకు పోలేదు. అర నిమిషం కొట్టుకుని ఆగిపోయింది. ఇంకోసారి తిప్పబోతే ఆయన వేలు అడ్డంగా ఊపారు. సగం జబ్బు నా చేతులతో నేను తెచ్చిపెట్టిందే అని ఆయన అనలేదు. క్యాలెండర్‌లో ఆ రోజు మీద గీత పెట్టారు.

ఆరో ఉదయమో ఏడో ఉదయమో నేను మోసం చేశాను. ఒక రోజు కలిసొస్తుందని, ఆయన రాకముందే ఆరింటికి స్టార్ట్ చేసి, ఏదో తిప్పి చూసి, ఆపేశాను. ఏడింటికి ఏమీ ఎరగనట్టు తలుపు తీసి నిలబడ్డాను. ఆయన లోపలికి వచ్చి, పిల్లల జ్వరం చూసినట్టు వెనక చేత్తో ఇంజన్ మీద తాకారు. బయట ఇంకా గడ్డి మీద మంచు ఉంది.

"ఎన్నింటికి లేపావ్?"

"ఆరింటికి."

"నేను నీ కోసం రాలేదమ్మా ఇంత చలిలో. అది పడుకుని ఉంటే చూద్దామని వచ్చా. లేపేశావ్."

అంతే. కోప్పడలేదు. మంకీ క్యాప్ సర్దుకుని వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే నేనూ తిరిగి ఏదో అనేదాన్ని, అక్కడితో తేలిపోయేది. ఆ రోజు ఆఫీస్‌లో లంచ్‌కు కూడా లేవకుండా, ఎందుకో తెలియకుండా, చేసిన పనే మళ్ళీ చేస్తూ కూర్చున్నాను.

తరవాత ఆయన మూడడుగుల రబ్బరు పైపు తెచ్చారు. ఎక్కడో గాలి లాగుతోందని ఆయన అనుమానం. ఇంజన్ పీల్చాల్సిన చోట కాక ఇంకో సందులోంచి గాలి పీలిస్తే అది ఇలాగే వణుకుతుందట. పైపు ఒక కొస చెవిలో, ఇంకో కొస ఇంజన్ చుట్టూ. అది లేచి ఆగిపోయేలోపు అర నిమిషమే ఉంటుంది. నేను లోపల కూర్చుని పెడల్ మీద కాలు ఆనించి పట్టుకోవాలి, ఆయన బయట వెతకాలి. నా ఫోన్‌ను మాత్రం ఇంజన్ వెనకవైపు అంచుకు ఆనించి వీడియోలో పెట్టేదాన్ని, ఫోరమ్ కోసం. వరసగా నాలుగు ఉదయాలు ఇదే. నాలుగు రోజులూ ఆయన పైపు దించి, "ఏం దొరకలేదమ్మా," అన్నారు. క్యాలెండర్‌లో ఇంకా అయిదు గడులు మిగిలాయి.

నాలుగో రోజు నేను ఆగలేకపోయాను. "మీకు తెలిసింది డీజిల్ బస్సులు అంకుల్. తెల్వకపోతే తెల్వదని చెప్పాలె కదా. నా మార్నింగ్స్ అన్నీ వేస్ట్ అయితున్నయ్. వచ్చే వారం మీరు ఫ్లైట్ ఎక్కి పోతరు. బండి పోయేది నాది."

ఆయన నా పెదాల వైపే చూస్తూ మొత్తం విన్నారు. పైపును గుడ్డతో తుడిచి, చుట్ట చుట్టి, సీటు మీద పెట్టారు. "సరేనమ్మా," అన్నారు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేనూ తాళం ముట్టుకోలేదు. రెండు ఉదయాలు అలా పోయాయి.

రెండో రోజు మధ్యాహ్నం ఆఫీస్‌లో, ఆ నాలుగో ఉదయం వీడియోను కత్తిరించి ఫోరమ్‌లో పెడదామని చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను. గరగరల మధ్య సన్నగా, స్స్ అని, టైరులోంచి గాలి పోతున్నట్టు ఒక చప్పుడు. ఫోన్ ఇంజన్ వెనక ఉండబట్టి పట్టుకుంది. కానీ నన్ను కుర్చీలో కూలేసింది ఆ చప్పుడు కాదు. తెరలో వీరభద్రం గారి ముఖం ఉంది. ఆయన పైపు కొసను సరిగ్గా ఆ చోటికే తెచ్చారు. అక్కడే ఆపారు. కళ్ళు మూసుకుని, నొసలు ముడిచి, ఎవరైనా ఒక మాట చెప్తారేమో అన్నట్టు ఎదురుచూశారు. స్స్ అని అది కూస్తూనే ఉంది. ఆయన పైపు తీసి పక్కకు జరిపారు.

ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. ఆయన ఎప్పుడూ నా పెదాలు చూస్తూ ఎందుకు మాట్లాడతారో, ఇంజన్ దగ్గర అన్నీ చేత్తో తాకి ఎందుకు చూస్తారో, అక్క వాళ్ళింట్లో తెలుగు సినిమాకు కూడా కింద అక్షరాలు ఎందుకు పెట్టుకుంటారో, ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఎక్కడ వినాలో ఆయనకు తెలుసు. వినే చెవులు నాకున్నాయి. నేను మాత్రం ఇన్ని ఉదయాల్లో ఒక్కరోజు కూడా బండి బయట నిలబడి, నోరు మూసుకుని, దాన్ని వినలేదు.

సాయంత్రం అక్క తలుపు తీస్తూనే, "నాన్నతో ఏమైందే? రెండ్రోజుల్నుంచి వాకింగ్‌కి కూడా వెళ్ళట్లేదు," అంది. ఆయన వంటింటి బల్ల దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. సారీ చెప్పాలనే వచ్చాను. ఫోన్ ముందు పెట్టి వీడియో వినిపించాను, వాల్యూమ్ అంతా పెంచి.

"లేచింది, ఆగింది," అన్నారు.

ఫోన్ తీసుకుని, వేగాన్ని నాలుగో వంతుకు తగ్గించి మళ్ళీ పెట్టాను. ఇంజన్ చప్పుడు దూరంగా డప్పు కొడుతున్నట్టు బరువుగా సాగింది. ఆ సన్నటి స్స్ కిందికి దిగి, తలుపు సందులోంచి వీచే గాలిలా హూ అని వచ్చింది. ఆయన చేతిలో చిక్కుడుకాయ ఆగింది.

"మళ్ళీ పెట్టు."

పెట్టాను. మూడోసారి ఆయనే ఫోన్ తీసుకుని దవడ ఎముకకు ఆనించుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. వీడియోలోని ముఖమే, కానీ ఈసారి ఎదురుచూపు లేదు.

"అదే. గాలి లాగుతోంది. వెనకాల, కార్బురేటర్ పీట కింద. మనకి కనపడని వైపు."

"మామూలుగా పెడితే నీకు వినపడలేదా నాన్నా?" అంది అక్క.

ఆయన ఇంకో కాయ తీసుకున్నారు. "సన్న చప్పుళ్ళు పోయి పన్నెండేళ్ళయిందే. డిపోలో ఆఖరి నాలుగేళ్ళు చేత్తో పట్టుకునే లాక్కొచ్చా. చెప్తే తీసుకెళ్ళి స్టోర్స్‌లో కూర్చోబెట్టేవాళ్ళు." తరవాత నా వైపు తిరిగి, "నువ్వన్నది తప్పేం కాదమ్మాయ్. తెలియట్లేదని చెప్పాల్సింది. చెప్తే ఇక పిలవవేమో అనుకున్నా," అన్నారు.

నేను ఎదురుగా కూర్చుని సగం చిక్కుడుకాయలు నా వైపు లాక్కున్నాను. నేను తీసిన ఈనెలన్నీ మధ్యలో తెగాయి. ఆయన అవి తీసుకుని మళ్ళీ సరిచేస్తూ, "నీకు ఇదీ రాదన్నమాట," అన్నారు. అక్క నవ్వింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఫోన్ చూస్తున్నట్టు తల దించుకున్నాను.

ఆ ఆదివారం ఫోన్ ముందు కెమెరాను అద్దంలా తిప్పి పెట్టి ఇంజన్ వెనక చూశాం. వేలంత లావు, జానెడు లేని రబ్బరు గొట్టం. చలికి గట్టిపడి, వంపు దగ్గర నోరు తెరుచుకుంది. ఇంజన్ వేడెక్కగానే మెత్తబడి నోరు మూసుకుంటుందట. అందుకే మధ్యాహ్నాలన్నీ బండి అంత బుద్ధిగా ఉండేది. కొత్త గొట్టం వేసి క్లిప్పులు నేనే బిగించాను. మర్నాడే లిండా వచ్చే సోమవారం. నా చెయ్యి తాళం మీదికి పోయింది.

"ఒక్కసారి కొట్టి చూద్దాం అంకుల్."

"పొద్దున నువ్వే కదా దీన్ని పెట్రోల్ బంకు దాకా తిప్పావ్. ఇంకా వెచ్చగా ఉంది. ఇప్పుడు లేస్తే నీకేం తెలుస్తది?"

"అయితే తాళం మీరే ఉంచుకోండి. నా దగ్గరుంటే నేను ఆగను."

"నాకెందుకు? నీ బండి," అని ఆయన చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. నేను తాళాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె వెనక పెట్టాను. అక్కడైతే ప్రతిసారీ తలుపు తెరవాలి, గిన్నె జరపాలి, చెయ్యి చల్లబడాలి. ఆ మధ్యలో బుద్ధి వస్తుందని ఆశ. ఆ సాయంత్రం ఆ ఫ్రిజ్ నాలుగుసార్లు తెరిచాను. నాలుగుసార్లూ మూశాను.

సోమవారం గడ్డి తెల్లగా గడ్డకట్టింది. లిండా కాఫీ కప్పుతో రోడ్డు అంచున నిలబడింది. వీరభద్రం గారు ముందు చక్రం పైని రేకు మీద అరచెయ్యి ఆనించి, నాకు తల ఊపారు. ఫోన్ నా జేబులోనే ఉంది. ఆ ఒక్క ఉదయం వీడియో తీయలేదు. పెడల్ ఒక్కసారి తొక్కి వదిలాను. తాళం తిప్పాను. బండి లేచింది. రెండుసార్లు భుజాలు ఎగరేసినట్టు ఊగి, కుదురుకుంది. లిండా పొగ కోసం కాసేపు చూసింది, తల ఊపి, కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళింది. నేను దిగి ఆయన పక్కన నిలబడ్డాను. ఊరికే నిలబడి విన్నాను.

"పొగ?" అన్నారు.

"లేదు."

"ఆ సన్నది?"

"లేదు అంకుల్. పోయింది."

"సరే," అన్నారు. చెయ్యి మాత్రం వెంటనే తీయలేదు. మర్నాడు ఆయన విమానం ఎక్కారు.

నా కోపం ఎక్కడికీ పోలేదు. మొన్న కూడా మీటింగ్ మధ్యలో లేచి వెళ్ళిపోయాను. కానీ ఏదైనా పాడైనప్పుడు ఒక్కటే మార్చి, జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాను, కాలు ఊగుతూనే ఉంటుంది. ఎదుటి మనిషి "సరే" అన్నప్పుడు, అతనికి నిజంగా వినపడిందా అని ఒకసారి ముఖం చూస్తాను. అక్క ఆయనకు చెవి మెషిన్ కొనిచ్చింది, అది ఏలూరులో సొరుగులోనే ఉందట. ఏటా మొదటి చలి రోజున నేను బండి చప్పుడు రికార్డు చేసి, వేగం తగ్గించి పంపుతాను. మొదటి ఏడాది నాలుగో వంతు సరిపోయింది. పోయినేడు ఇంకా తగ్గించమన్నారు.

ఈ ఉదయం బండి దగ్గి ఆగిపోయాక, చెయ్యి వెనక్కి తీసుకుని, కార్బురేటర్ చుట్టూ ఒకసారి తడిమి చూసి, బానెట్ మూసి, రికార్డు చేసిన ఆ చప్పుడు వేగాన్ని ఎనిమిదో వంతుకు తగ్గించి పంపాను. ఆఫీస్‌కి అక్క కార్లో వచ్చాను. పదింటికి ఏలూరు నుంచి వీరభద్రం గారి భార్య, ఆంటీ, వాయిస్ మెసేజ్ పెట్టారు. "దవడకి పెట్టుకుని మూడుసార్లు విన్నారమ్మా. ఏం చెప్పలా. ఇయ్యాళ ఇంక ముట్టుకోవద్దన్నారు. రేపు లేపకముందు, మూత తీసి ఒక ఫోటో పంపమన్నారు. ఆయన ఆ టైముకి ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటారంట."

తాళం పెరుగు గిన్నె వెనక ఉంది.